పొగ లేదు కదా అని నమ్మొద్దు: వ్యర్థాల జిగురుతో చేసిన బొగ్గు ఇటుక గాలిలోకి ఏం వదులుతుందో లెక్కకట్టే పద్ధతి

"చూడండి సార్, పొగే లేదు!"

రాక్షసి బొగ్గు పొడిని ఇటుకలుగా అచ్చు వేసి అమ్మేవాళ్ల నోట మొదట వచ్చే మాట ఇదే. నాకు మొదటిసారి చూపించినాయన చెప్పింది అబద్ధమేమీ కాదు. కుంపటిలో ఇటుకలు కణకణలాడుతున్నాయి, నల్లపొగ జాడే లేదు. కానీ రెండు నిమిషాలు దగ్గర నిలబడేసరికి గొంతులో గరగర, కళ్లలో నీళ్లు. బొగ్గు ఏ గనిదో, ఏ గ్రేడో గడగడా చెప్పేశాడు. జిగురు ఏమిటని అడిగితే మాత్రం "పేపర్ మిల్లు సరుకండీ, డ్రమ్ముల్లో వస్తుంది" అని ఊరుకున్నాడు. అంతకు మించి ఆయనకూ తెలియదు.

ఈ మార్గదర్శి ఆ డ్రమ్ము గురించే. చిన్న బ్రికెట్ (బొగ్గు ఇటుక) యూనిట్ పెట్టాలనుకునేవాళ్లకు, హోటల్‌కో బట్టీకో టన్నుల లెక్కన కొనేవాళ్లకు, ఇంజినీరింగ్ కాలేజీలో ఇదే ప్రాజెక్టుగా తీసుకున్న పిల్లలకు పనికొస్తుంది. మొదటి నాలుగు అంచెలకు ఒక ల్యాబ్ రిపోర్టు, ఒక కాలిక్యులేటర్ చాలు. ఐదో అంచెకు మాత్రం కొన్ని పరికరాలు కావాలి.

ముందు ఒక్క మాట. గనిలో యంత్రాలు తవ్వేకొద్దీ, లారీల్లో ఎత్తి దించేకొద్దీ బొగ్గు పొడి అవుతూనే ఉంటుంది. ఆ పొడి పొయ్యి జాలీలోంచి జారిపోతుంది, లేదా గాలి ఆడనివ్వకుండా మంటను ఆర్పేస్తుంది. అందుకే దాన్ని ముద్ద చేయాలి. బొగ్గు పొడి తనంతట తాను అతుక్కోదు, నూటికి ఐదు నుంచి పదిహేను పాళ్ల దాకా జిగురు కలపాల్సి వస్తుంది. ఖర్చు తగ్గాలంటే ఎక్కడో ఫ్యాక్టరీ పారబోసేది తెచ్చుకోవాలి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఆ ఫ్యాక్టరీ ఎందుకు పారబోస్తోందని ఎవరూ అడగరు.

మొదటి అంచె: డ్రమ్ములో ఏముందో రాసుకోండి

జిగురు పేరు కాదు, అది ఏ పనిలోంచి మిగిలిందో కనుక్కోండి. ఆ పని తెలిస్తే పొగలో దేనికోసం వెతకాలో సగం తెలిసినట్టే.

చక్కెర మిల్లు మొలాసిస్, సగ్గుబియ్యం మిల్లుల దగ్గర మిగిలే గంజి లాంటివి ఉన్నవాటిలో మెరుగు. వాటిలో ఉండేది ప్రధానంగా పిండిపదార్థం, చక్కెర. సరిగ్గా ఆరబెట్టకపోతే పొగ ఎక్కువ వస్తుంది, అంతే. డిస్టిలరీలో సారా తీశాక మిగిలే స్పెంట్ వాష్ కూడా మొలాసిస్ బిడ్డే కదా అనుకుంటారు గానీ, అందులో పొటాషియం, క్లోరైడు, సల్ఫేటు చిక్కబడి ఉంటాయి. మంటలో పొటాషియం ఆవిరై, చల్లబడగానే మైక్రాన్‌కంటే సన్నని తెల్లటి రేణువులుగా మారుతుంది. కంటికి పొగలా కనిపించదు, ఊపిరితిత్తుల చివరిదాకా పోతుంది.

పేపర్ మిల్లు సరుకు అంటే రెండు రకాలు. కలపను సల్ఫైటు పద్ధతిలో ఉడికిస్తే మిగిలేది లిగ్నోసల్ఫొనేటు ద్రావకం. మంచి జిగురే, కానీ ఎండు బరువులో నూటికి నాలుగు నుంచి ఎనిమిది పాళ్లు గంధకం. క్రాఫ్ట్ పద్ధతిలో వచ్చే నల్లద్రావకంలో గంధకంతో పాటు సోడియం కూడా దండిగా ఉంటుంది. నా గొంతులో గరగరకు కారణం ఈ కుటుంబమే.

తారు పిచ్ సంగతి వేరు. కోక్ బట్టీల్లో బొగ్గును గాలి తగలకుండా కాల్చినప్పుడు వచ్చే తారును బట్టీ పట్టగా మిగిలే నల్లటి గడ్డ ఇది. బెంజో పైరీన్ లాంటి బహుచక్ర హైడ్రోకార్బన్లు ఇందులో పుష్కలం. తారు పిచ్‌నూ, బెంజో పైరీన్‌నూ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ కలిగించేవిగా మొదటి వర్గంలో పెట్టింది. ఇళ్లలో బొగ్గు కాల్చినప్పుడు వచ్చే పొగ కూడా ఆ వర్గంలోదే. బ్రిటన్‌లో వేల్స్ ప్రాంతపు అబర్‌కుంబోయ్‌లో పిచ్ కలిపి 'పొగరాని' ఇటుకలు చేసే ఫర్నసైట్ కర్మాగారం 1942 నుంచి 1990 దాకా నడిచింది. కొన్నవాళ్ల ఇళ్లలో పొగ తగ్గింది, ఆ పొగంతా కర్మాగారంలో పనిచేసినవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయింది. 2012లో అక్కడి హైకోర్టు కొందరు కార్మికుల పక్షాన తీర్పు ఇచ్చింది. పొగ మాయం కాలేదు, చోటు మారిందంతే.

రిఫైనరీ అడుగు సరుకు అయితే గంధకం, నికెల్, వెనేడియం. వాడేసిన ఇంజన్ ఆయిల్ అయితే జింకు, ఇతర లోహాలు. ప్లైవుడ్ ఫ్యాక్టరీల యూరియా ఫార్మాల్డిహైడ్ రెసిన్ అయితే నత్రజని. మంట సరిగా లేనప్పుడు అది అమ్మోనియాగా, హైడ్రోజన్ సయనైడుగా బయటికొస్తుంది. ఫ్యాక్టరీ మురుగునీటి శుద్ధి ప్లాంటు మడ్డి అయితే, అందులో ఏముందో ఆ ఫ్యాక్టరీకే తెలియాలి. దాని జోలికే పోవద్దని నా సలహా.

కరిగించిన ప్లాస్టిక్‌తో అతికించే ప్రయోగాలు కూడా జరుగుతున్నాయి. పాల ప్యాకెట్ల ప్లాస్టిక్ వేరు, పీవీసీ వేరు. పీవీసీ బరువులో నూటికి 57 పాళ్లు క్లోరినే. ఇటుకలో ప్లాస్టిక్ ఉందన్న అనుమానం వస్తే పాత పరీక్ష ఒకటుంది. రాగి తీగను పట్టకారుతో పట్టుకుని, ఆకుపచ్చ రంగు పోయేదాకా మంటలో ఎర్రగా కాల్చి, దానితో ఇటుక పెచ్చును తాకి మళ్లీ మంటలో పెట్టండి. మంట అంచు నిగనిగలాడే ఆకుపచ్చగా మారితే క్లోరిన్ జాతి ఉందని అనుమానించాలి. ఇది ఆరుబయట చేయాలి, గోరంత పెచ్చుతోనే చేయాలి, ఖాయం చేసుకోవడం ల్యాబ్‌లోనే.

ఇక మట్టి, బెంటొనైట్, సిమెంటు, ఫ్లైయాష్. ఇవి కాలవు కాబట్టి అపాయం లేదనుకుంటాం. చైనాలోని గుయిజౌ రాష్ట్రంలో అలాగే అనుకున్నారు. అక్కడి కొండ పల్లెల్లో బొగ్గు పొడిని బంకమట్టితో పిసికి ఉండలు చేసి, పొగగొట్టం లేని పొయ్యిల్లో కాల్చేవాళ్లు. పళ్లు గారపట్టి ఎముకలు వంకరపోయే ఫ్లోరోసిస్ లక్షల మందికి వచ్చింది. నల్లగొండవాళ్లకు ఈ జబ్బు గురించి నేను చెప్పక్కర్లేదు, కాకపోతే ఇక్కడ అది నీళ్లలోంచి వచ్చింది, అక్కడ పొగలోంచి. చాలాకాలం తప్పంతా బొగ్గు మీద వేశారు. తర్వాత విడివిడిగా పరీక్షిస్తే, అక్కడి బొగ్గులోకంటే మట్టిలో ఫ్లోరిన్ పది రెట్లకు పైగా ఉందని తేలింది. అంటే జిగురే అసలు దోషి. ఆ పొగ మీదే మొక్కజొన్న, మిరపకాయలు ఆరబెట్టుకునేవాళ్లు కాబట్టి తిండిలోకీ చేరింది. కొన్నిచోట్ల ఇదే దారిలో బొగ్గులోని ఆర్సెనిక్ మిరపకాయల్లోకి ఎక్కింది. మన గుంటూరు మిరపకళ్లాలకు ఎండ ఉండటం ఎంత అదృష్టమో ఆ సంగతి చదివినప్పుడు నాకు తెలిసొచ్చింది.

జిగురు అమ్మేవాణ్ణి కాగితం అడగడం మరచిపోకండి. ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు, 2016 ప్రకారం అలాంటి వ్యర్థాన్ని ముడిసరుకుగా వాడుకోవాలంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. ఇచ్చేవాడికీ ఉండాలి, పుచ్చుకునేవాడికీ ఉండాలి. "అందరూ వాడుతున్నారు సార్" అనేది అనుమతి పత్రం కాదు.

రెండో అంచె: నమూనా తీసి ల్యాబ్‌కు పంపండి

గుట్ట పైనుంచి చేతికందిన నాలుగు ఇటుకలు తీసి పంపితే డబ్బు దండగ. ఒక రోజు ఉత్పత్తిలో వేర్వేరు వేళల్లో, గుట్ట వేర్వేరు చోట్ల నుంచి ఓ ఇరవై ఇటుకలు తీసి, అన్నీ పగలగొట్టి కలిపి, ఆ కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుంటూ కిలో దాకా తగ్గించండి. విడిగా, కలపని బొగ్గు పొడి ఒక కిలో. విడిగా, జిగురు అర లీటరు. మూడూ కావాలి. చాలామంది ఇటుక ఒక్కటే పంపుతారు. అప్పుడు గంధకం ఎక్కువొచ్చిందని తెలుస్తుంది గానీ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు.

తేమ, బూడిద, ఆవిరయ్యే పదార్థం, స్థిర కార్బన్, కేలరీ విలువ, కార్బన్, హైడ్రోజన్, నత్రజని, గంధకం అడగండి. మన దేశంలో ఐఎస్ 1350 ప్రకారం చేస్తారు. దీనికి తోడు క్లోరిన్ తప్పక అడగాలి, మామూలు బొగ్గు రిపోర్టులో అది రాదు. మొదటి అంచెలో అనుమానం తగిలిన దాన్ని బట్టి ఫ్లోరిన్, సీసం, పాదరసం, ఆర్సెనిక్, క్రోమియం కలపండి. ఫలితాలు 'అందిన స్థితి'లోవా (తేమతో సహా), 'ఎండు లెక్క'లోవా (తేమ తీసేసి) అని రిపోర్టులో చూసుకోండి. ఈ రెండూ కలిసిపోయి తప్పిన లెక్కలే నేను ఎక్కువ చూశాను.

మూడో అంచె: లోపలికి వెళ్లింది బయటికి రావాల్సిందే

ఇక్కడ కెమిస్ట్రీ పదో తరగతిదే. గంధకం పరమాణు భారం 32, కాలితే వచ్చే సల్ఫర్ డయాక్సైడుది 64. అంటే ఒక కిలో గంధకం పూర్తిగా కాలితే రెండు కిలోల వాయువు.

ఒక ఉదాహరణ చేద్దాం. బొగ్గులో గంధకం 0.5 శాతం. మన గోదావరి లోయ బొగ్గుకు ఇది అటూఇటూగా సరిపోయే అంకె. అస్సాం బొగ్గు అయితే దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. జిగురు లిగ్నోసల్ఫొనేటు, ఎండు లెక్కన గంధకం 6 శాతం అనుకుందాం. వంద కిలోల ఇటుకల్లో 88 కిలోల బొగ్గు, 12 కిలోల ఎండు జిగురు.

బొగ్గు నుంచి: 88 × 0.005 = 0.44 కిలోలు
జిగురు నుంచి: 12 × 0.06 = 0.72 కిలోలు
మొత్తం గంధకం 1.16 కిలోలు. వాయువు 2.32 కిలోలు.

అదే వంద కిలోల ముడి బొగ్గు కాల్చి ఉంటే అర కిలో గంధకం, ఒక కిలో వాయువు. బరువులో నూటికి పన్నెండు పాళ్లు ఉన్న జిగురు గంధకంలో అరవై పాళ్లు మోసుకొచ్చింది. పొగ లేని ఆ కుంపటి దగ్గర నా కళ్లు ఎందుకు మండాయో కాగితం మీద కనిపించిన రోజు అది.

పెద్ద అంకె కావాలంటే చూడండి. ఒక హోటల్ రోజుకు 20 కిలోల ఇటుకలు కాలిస్తే 464 గ్రాముల సల్ఫర్ డయాక్సైడు. మన జాతీయ గాలి నాణ్యతా ప్రమాణం 24 గంటల సగటున ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు. ఆ మట్టానికి పలచబడాలంటే సుమారు 58 లక్షల ఘనపు మీటర్ల గాలి కావాలి. ముడి బొగ్గైతే 25 లక్షలు సరిపోయేది.

క్లోరిన్‌దీ ఇదే వరస. ఇటుకలో రెండు శాతం పీవీసీ ఉందంటే వంద కిలోలకు 1.14 కిలోల క్లోరిన్. అందులో ఎక్కువ భాగం హైడ్రోక్లోరిక్ ఆమ్ల ఆవిరిగా వస్తుంది, మొత్తం మారితే 1.17 కిలోలు. పొయ్యి జాలీ, పొగగొట్టం రేకు త్వరగా చిల్లులు పడటం దీనికి మొదటి సంకేతం. మసి, రాగి లాంటి లోహాల సమక్షంలో పొగ 200 నుంచి 400 డిగ్రీల మధ్య చల్లబడేటప్పుడు డయాక్సిన్లనే అతి విషపు పదార్థాలు కూడా పుడతాయి. అవి గ్రాముల్లో ఉండవు, ఈ లెక్కతో పట్టుకోలేం, వాటి పరీక్ష చాలా ఖరీదు. కాబట్టి నా పద్ధతి సులువు. జిగురులో పీవీసీ ఉందని తేలితే లెక్క అక్కడితో ఆపేసి ఆ సరుకు వద్దంటాను.

లోహాలకు ఒక గుర్తు పెట్టుకోండి. పాదరసం దాదాపు అంతా గాలిలోకే. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ ఆవిరై సన్న రేణువుల మీద పేరుకుంటాయి, క్లోరిన్ తోడుంటే సీసం ఇంకా తేలిగ్గా ఎగురుతుంది. క్రోమియం, నికెల్ ఎక్కువ పాలు బూడిదలో ఉంటాయి.

కార్బన్ డయాక్సైడుకు 44ను 12తో భాగించిన గుణకం వాడతాం. కార్బన్ 42 శాతం ఉంటే కిలోకు 1.54 కిలోలు. జిగురు మొక్కల నుంచి వచ్చినదైతే ఆ వాటాను వాతావరణ లెక్కల్లో విడిగా చూపిస్తారు. కానీ ఆ కాస్త వాటాను చూపించి 'గ్రీన్ బ్రికెట్' అని బస్తా మీద అచ్చువేస్తే మాత్రం నవ్వొస్తుంది.

నాలుగో అంచె: కిలోకు కాదు, వేడికి లెక్కకట్టండి

కొనేవాడికి కావలసింది కిలో కాదు, సెగ. జిగురూ మట్టీ కలిపితే కేలరీ విలువ పడిపోతుంది, అదే ఇడ్లీపాత్ర ఉడకడానికి ఎక్కువ ఇటుకలు కాలతాయి. కిలోకు 1000 కిలోకేలరీలంటే 4.18 మెగాజౌళ్లు. మన ఉదాహరణలో ముడి బొగ్గు 4000 కిలోకేలరీలు, అంటే 16.7 మెగాజౌళ్లు. ఇటుక 3800, అంటే 15.9.

ముడి బొగ్గు: కిలోకు 10 గ్రాముల సల్ఫర్ డయాక్సైడు ÷ 16.7 = మెగాజౌలుకు 0.60 గ్రాములు
ఇటుక: 23.2 ÷ 15.9 = మెగాజౌలుకు 1.46 గ్రాములు

రెండున్నర రెట్లకు దగ్గర. ఇకమీదట ఏ రెండు ఇంధనాలను పోల్చినా ఈ 'మెగాజౌలుకు గ్రాములు' అన్న కొలతలోనే పోల్చండి. పొయ్యి వేడిని ఎంత బాగా పట్టుకుంటుందన్నది మరో విషయం, రెండు పరీక్షలకూ ఒకే పొయ్యి వాడితే ఆ గొడవ ఉండదు.

బయటి దేశపు హద్దు ఒకటి తెలిసుంటే మంచిది. ఇంగ్లండ్‌లో 2021 మే నుంచి ఇళ్లలో వాడే తయారీ ఘన ఇంధనాల్లో గంధకం 2 శాతం దాటకూడదు, పొగ గంటకు 5 గ్రాముల లోపే ఉండాలి. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లు చలికాలం స్టవ్‌లోకి బ్రికెట్లు కొంటే సంచి మీద 'రెడీ టు బర్న్' ముద్ర ఉందో లేదో చూసుకోవడం అందుకే. మన ఉదాహరణలోని ఇటుకలో గంధకం 1.16 శాతమే, పాస్ అయిపోతుందిగా అనొచ్చు. వాళ్ల శాతం తేమ, బూడిద తీసేసిన లెక్క. మన ఇటుకలో ఆ రెండూ కలిపి 40 శాతం పోతే 1.16 ÷ 0.60 = 1.93. బొటాబొటీగా గట్టెక్కుతుంది. బూడిద ఇంకో రెండు శాతం పెరిగితే సరిగ్గా హద్దు మీదకు వస్తుంది.

ఐదో అంచె: కాల్చి కొలవండి

కార్బన్ మోనాక్సైడు, సన్న రేణువులు, బెంజో పైరీన్ లాంటివి ల్యాబ్ రిపోర్టులోంచి లెక్కకు రావు. పిచ్‌లో ముందే ఉన్న బెంజో పైరీన్‌ను పక్కన పెడితే, అవి ఇంధనంలో ఉండవు, మంటలో పుడతాయి. అందుకే కాల్చక తప్పదు.

రేకు పనివాడితో పొయ్యికి మీటరు ఎత్తున ఒక గొడుగు, దాని మీద ఓ గొట్టం, చివర చిన్న ఫ్యాను చేయించుకోండి. గొట్టంలో మూడు కొలతలు: కార్బన్ డయాక్సైడు, కార్బన్ మోనాక్సైడు, సన్న రేణువులు. పొయ్యి కింద తూకం. పరీక్షకు ముందు, తర్వాత ఉత్త గాలిని కూడా కొలిచి ఆ అంకెలు తీసేయాలి.

చవక రేణువుల సెన్సారును పొగలోకి సూటిగా పెట్టకండి. నేను పెట్టాను. మొదటి పది నిమిషాలకే అంకె ఒకచోట అతుక్కుపోయింది, ఆ సాయంత్రానికి లెన్సు మీద తారు పూత. అలాంటి సెన్సార్లు గాలి మట్టాలకు చేసినవి, పొగకు కాదు. పంపుతో ఫిల్టరు మీదకు లాగి తూచడమే మేలు. నిమిషానికి 5 లీటర్ల చొప్పున 20 నిమిషాలు లాగితే 0.1 ఘనపు మీటరు. ఘనపు మీటరుకు 4 మిల్లీగ్రాములున్న పొగైతే ఫిల్టరు మీద పడేది 0.4 మిల్లీగ్రాములు. నగల దుకాణం తూకం దీనికి పనికిరాదు, మిల్లీగ్రాములో వందో వంతు చూపించే తూకం ఉన్న కాలేజీని పట్టుకోవాలి.

గొట్టంలో గాలి ఎంత పోతోందో కచ్చితంగా కొలవడం కష్టం. ఆ అవసరం లేకుండా చేసే కిటుకు ఉంది, దాన్ని కార్బన్ లెక్క అంటారు. ఇంధనంలోంచి వెళ్లిన కార్బన్ దాదాపు అంతా కార్బన్ డయాక్సైడు, మోనాక్సైడు అనే రెండు వాయువుల్లోనే ఉంటుంది. అందుకని వాటి నిష్పత్తి చాలు.

ఉత్త గాలి తీసేశాక కార్బన్ డయాక్సైడు 3000 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 3000 పాళ్లు), మోనాక్సైడు 180 పీపీఎం వచ్చాయనుకోండి. మొత్తం 3180లో 180 అంటే 5.66 శాతం. కిలో ఇటుకలో కార్బన్ 420 గ్రాములు, అందులో పదో వంతు బూడిదలో కాలకుండా మిగిలితే గాలిలోకి 378 గ్రాములు. దాని 5.66 శాతం 21.4 గ్రాములు. కార్బన్‌ను మోనాక్సైడుగా మార్చడానికి 28ని 12తో భాగించి గుణిస్తే, కిలోకు సుమారు 50 గ్రాముల కార్బన్ మోనాక్సైడు.

రేణువులకు: 25 డిగ్రీల దగ్గర 3180 పీపీఎం అంటే ఘనపు మీటరుకు 1.56 గ్రాముల కార్బన్. రేణువులు 4 మిల్లీగ్రాములు. 0.004 ÷ 1.56 × 378 = కిలోకు 0.97 గ్రాములు. సల్ఫర్ డయాక్సైడు మీటరు ఉంటే దాన్ని కూడా ఇలాగే చేసి, మూడో అంచెలో కాగితం మీద వచ్చిన అంకెతో సరిపోల్చుకోండి. కొలిచింది కాస్త తక్కువ రావాలి, కొంత గంధకం బూడిదలో మిగులుతుంది కాబట్టి. ఎక్కువ వచ్చిందంటే నమూనాలోనో మీటరులోనో తప్పుంది.

రాజేసినప్పటి నుంచి ఆరేదాకా మొత్తం కొలవాలి. రేణువుల్లో పెద్ద వాటా రాజుకునే మొదటి అరగంటలో వస్తుంది. అమ్మేవాళ్లు చూపించేది ఎప్పుడూ ఆ తర్వాత ఘట్టాన్నే. ఒక్కో రకాన్ని కనీసం మూడుసార్లు కాల్చండి, మూడు ఫలితాలూ రాయండి. సగటు ఒక్కటే రాస్తే తేడాలు దాచినట్టే.

ఆరో అంచె: ఎర్రటి నిప్పును అనుమానించండి

పొగ పూర్తిగా పోయి నిప్పులు ముచ్చటగా ఉన్నప్పుడే కార్బన్ మోనాక్సైడు హెచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది.

పైన తేలిన 50 గ్రాములను పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తున్న గదిలో వేసి చూడండి. గది 28.3 ఘనపు మీటర్లు. తలుపులు బిగిస్తే, కిలో ఇటుకలతో ఘనపు మీటరుకు 1770 మిల్లీగ్రాములు. గంటసేపటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 35. అంటే యాభై రెట్లు.

మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో 2019 మే 15 నుంచి ముడి బొగ్గు నిషేధించి ఇటుకలు ఇచ్చారు. ఆ చలికాలం సన్న రేణువుల కాలుష్యం బాగా తగ్గింది. అదే కాలంలో కార్బన్ మోనాక్సైడు విషంతో ఆస్పత్రుల పాలైనవాళ్లు, చనిపోయినవాళ్లు వార్తల్లోకెక్కారు. పాత పొయ్యిలు, పూడిపోయిన పొగగొట్టాలు కొత్త ఇంధనానికి సరిపడలేదు. ముడి బొగ్గు అయితే పొగ చూసి తలుపు తీస్తారు. ఇటుక ఆ హెచ్చరిక ఇవ్వదు.

మన దగ్గర బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపులు బిగించే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. అమ్మమ్మలతో వాదించడం ఎంత కష్టమో నాకూ తెలుసు. అయినా ఈ ఒక్క చోట వాదించండి. రాత్రిపూట అయితే అసలే వద్దు.

ఏడో అంచె: తగ్గించడం

అన్నిటికంటే చవకైన మార్పు రాజేసే తీరు. ఇటుకలు కింద, పుల్లలు పైన పెట్టి మంటను పైనుంచి కిందికి దిగనివ్వండి. కింద వేడెక్కి లేచే తారు ఆవిర్లు పైనున్న మంటలోంచి పోతూ కాలిపోతాయి. దక్షిణాఫ్రికా బొగ్గు బస్తీల్లో ఈ పద్ధతికి జులూ భాషలో 'అవ్వ రాజేసినట్టు రాజెయ్యి' అనే అర్థమొచ్చే పేరు పెట్టి ప్రచారం చేశారు. పైసా ఖర్చు లేకుండా రేణువులు బాగా తగ్గుతాయి. మోనాక్సైడు మాత్రం ఇలా పోదు, దానికి పొగగొట్టమే గతి.

ఇటుకలను బాగా ఆరబెట్టండి. వర్షాకాలం షెడ్డులో పేర్చినవి పైకి ఎండినట్టుంటాయి, విరిస్తే లోపల చెమ్మ. తేమ ఆరేడు శాతానికి దిగకపోతే రాజుకునే ఘట్టం సాగి పొగ పెరుగుతుంది.

గంధకానికి మందు సున్నం. నీళ్లు చల్లి పొడి చేసిన సున్నం కలిపితే అది సల్ఫర్ డయాక్సైడును పట్టి జిప్సం జాతి లవణంగా బూడిదలో ఉంచేస్తుంది. మన 1.16 కిలోల గంధకానికి సరిసమానంగా 2.7 కిలోల సున్నం కావాలి. అంతా తగలదు కాబట్టి రెట్టింపు, 5.4 కిలోలు వేస్తారు. 800–900 డిగ్రీల దగ్గర బాగా పనిచేస్తుంది. గాలి ఊదే బట్టీలో 1200 దాటితే పట్టినదాన్ని మళ్లీ వదిలేస్తుంది. కాబట్టి కుంపటికి పనికొచ్చిన సున్నం కమ్మరి కొలిమికి పనికిరాకపోవచ్చు. ఒక హెచ్చరిక: చర్మశుద్ధి మడ్డి లాంటి క్రోమియం ఉన్న జిగురులో సున్నం కలిపితే, కాలినప్పుడు బూడిదలో క్రోమియం విషపు రూపంలోకి మారే వీలుంది.

సున్నం నిజంగా పనిచేసిందా అని బూడిదే చెబుతుంది. వంద కిలోల ఇటుకలు 40 కిలోల బూడిద మిగిల్చి, అందులో గంధకం 1 శాతం ఉంటే 0.40 కిలోలు ఆగినట్టు. 1.16లో అది 34 శాతం. మిగిలిన 0.76 కిలోలు గాలిలోకి, అంటే 1.52 కిలోల వాయువు. ఇంకా ముడి బొగ్గు కంటే ఎక్కువే. ఇలా తేలినప్పుడు సున్నం పెంచడం కంటే జిగురు మార్చడం తెలివైన పని, ఎందుకంటే సున్నం పెంచిన కొద్దీ కేలరీ విలువ పడిపోయి నాలుగో అంచె లెక్క మళ్లీ చెడుతుంది.

మొదట చెప్పినాయన చివరికి అదే చేశాడు. సగం మొలాసిస్, కాస్త సున్నం. ఇటుక మునుపటంత గట్టిగా రాలేదని, లారీలో అంచులు రాలిపోతున్నాయని ఇప్పటికీ నా మీద విసుక్కుంటాడు. విసుగు న్యాయమే. నేను అడిగింది ఒక్కటే, ఒక నోటుబుక్కు పెట్టమని: తేదీ, జిగురు ఎక్కడిది, బొగ్గు గంధకం, జిగురు గంధకం, క్లోరిన్, కేలరీ విలువ, బూడిద గంధకం. కొత్త డ్రమ్ము దిగిన రోజు కొత్త గీత కొట్టి మళ్లీ మొదటి అంచె నుంచి మొదలుపెట్టాలి, పాత రిపోర్టు ఆ డ్రమ్ముకు చెల్లదు.